ఐతారం వాన

ఆ ప్రశ్న చదివి హెప్సిబా మొదట నవ్వింది. స్టాఫ్‌రూంలో ఎవరూ లేరు గనుక కాస్త గట్టిగానే నవ్వింది. లాతూర్‌లో చెరకు మీద పరిశోధన చేస్తున్న ఒక విద్యార్థిని, ముఖమైనా ఎరగని మనిషి, ఎంతో మర్యాదగా రాసింది. మీ బోధన్ ప్రాంతపు వాన లెక్కలు చూశాను, నాకు చాలా పనికొస్తాయి, ఒక్క సందేహం మాత్రం ఉంది: మీ దగ్గర ఆదివారాలు వాన పడదా?

నవ్వు పెదాల మీద ఉండగానే చెయ్యి కంప్యూటర్ మీదికి పోయింది. తేదీల పట్టికను వారాల ప్రకారం మార్చి పేర్చింది. ఆదివారాలన్నీ ఒకచోటికి వచ్చాయి. సున్నా. దాని కింద సున్నా. ఏ ఊరు చూసినా, ఏ ఏడాది చూసినా, ముసురు పట్టి గోదావరి నిండిన వారంలో కూడా ఆదివారం నాడు సున్నా. సోమవారాలు మాత్రం బరువుగా, పెద్ద పెద్ద అంకెలతో ఉన్నాయి. వాన కొలిచే గొట్టాన్ని ఒకనాడు చూడకపోతే ఆ నీళ్లు అందులోనే ఉండి మర్నాటి నీళ్లతో కలుస్తాయి. ఆ సంగతి తెలిసినవాళ్లకు పట్టిక ఒక్క చూపులో అర్థమైపోతుంది. నాలుగు వానాకాలాలుగా ఆ పట్టికను రోజూ చూస్తున్నది తనే. తనకే కనబడలేదు.

హెప్సిబా నిజామాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతుంది. అక్కడే ఫులాంగ్‌లో రెండు గదుల వాటాలో ఒక్కతే ఉంటుంది. మనుషులతో మాట్లాడాల్సి వస్తే ఏం మాట్లాడాలో ముందే లోపల కూడబలుక్కునే అలవాటు ఆమెది. అంకెలతో ఆ అవస్థ లేదు. బోధన్ చుట్టూ చెరకు పండే ఊళ్లలో కొందరు రైతులు, కూలీలు తమ గట్టు మీద నాటుకున్న గొట్టంలో పొద్దున్నే నీటిమట్టం ఎన్ని మిల్లీమీటర్లుందో చూసి, నీళ్లు పారబోసి, ఫోన్లో మాటగా రికార్డు చేసి ఆమెకు పంపుతారు. గొట్టాన్ని వాళ్లు వానగిలాస అంటారు. ఆమె ఆ మాటల్ని విని పట్టికలోకి ఎక్కిస్తుంది.

ఆ పట్టిక పది రోజుల కిందటే అందరికీ అందుబాటులోకి వచ్చింది. పరిశోధనల లెక్కలు దాచుకోకుండా పంచుకునే సైట్లలో ఒకదాంట్లో పెట్టారు. ఎవరైనా పైసా ఇవ్వకుండా దింపుకోవచ్చు. దానికొక శాశ్వత గుర్తింపు సంఖ్య ఇచ్చారు. వాడుకున్నవాళ్లు ఆ సంఖ్యనూ, తయారుచేసినవాళ్ల పేర్లనూ తమ వ్యాసంలో చెప్పాలి, అంతే. ఆ పేజీ తెరిచిన రోజు హెప్సిబా కళ్లు పేర్ల గడి దగ్గరే ఆగిపోయాయి. అక్కడ ఒకటే పేరుంది. ప్రాజెక్టు పెద్ద ఆత్మారాం సార్‌ది. కొలిచినవాళ్లు లేరు. ఆమె లేదు. అడిగితే ఆయన కోపగించుకోలేదు, ఆ గడి నింపిన గుమాస్తాకు తెలియక జరిగిందని, వచ్చే సవరణలో చూద్దామని అన్నాడు. అప్పటినుంచి ఆమె ఆ సవరణ కోసమే ఎదురుచూస్తోంది. కొలిచే ఎనిమిదిమందివీ తనదీ కలిపి తొమ్మిది పేర్లు అక్కడ కనబడాలి. జీవితంలో తాను ఇంత పట్టుగా కోరుకున్నది ఇంకొకటి లేదని తోచి, ఆమెకే సిగ్గేసింది.

ఇప్పుడీ సున్నాలు.

ఆ పేర్ల సవరణ అయ్యేదాకా, ప్రశ్న వచ్చిందని చెప్పకుండా రెండు రోజులు ఊరుకోవచ్చు. ఆ ఆలోచన తనలో ఎలా తలెత్తిందో, ఎంత నెమ్మదిగా పక్కన కూర్చుందో గమనించి, అది ఇంకా చనువు తీసుకోకముందే ఆత్మారాం సార్‌కు ఫోన్ చేసింది.

ఆయన అంతా విన్నాడు. సోమవారం అంకెను రెండుగా పంచెయ్యమన్నాడు. సగం ఆదివారానికి, సగం సోమవారానికి. ఏ రోజు ఎంత పడిందో మనకు తెలియదు కదా సార్ అంది. ఎవరికీ తెలియదు, అందుకే ఎవరూ అడగరు అన్నాడు. శుక్రవారం కల్లా సరిచేసి పెట్టమన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, చిన్నపిల్లకు చెప్పినట్టు అన్నాడు:

"పేర్ల సంగతి ఇంక వదిలెయ్యమ్మా. ఇంత తప్పు పక్కన వాళ్ల పేర్లు పెడితే నవ్వులపాలయ్యేది వాళ్లే. పెద్దమనుషులు, ఎందుకు చెప్పు."

ఆ దయ దగ్గరే ఆమె ఓడిపోయి ఫోన్ పెట్టేసింది. కోప్పడితే ఎదురు చెప్పగలిగేదేమో.

*

బుధవారం మధ్యాహ్నం క్లాసు ఇంకొకరికి అప్పజెప్పి బోధన్ బస్సెక్కింది. దారి పొడుగునా మాటలు కూర్చుకుంది. తప్పు జరిగిందని ఎలా చెప్పాలి, మెత్తగా ఎక్కడ మొదలుపెట్టాలి, మీ తప్పేం లేదని ఏ మాట దగ్గర అందుకోవాలి. జబ్బు సంగతి ఇంట్లోవాళ్లకు చెప్పబోయే డాక్టరులా తయారవుతున్నానని మధ్యలో ఒకసారి అనిపించింది. అయినా ఆపలేకపోయింది.

ఎడపల్లిలో దిగి చేనుదారి పట్టింది. చినుకులు పడి ఆగాయి. చెరకు మనిషి ఎత్తు దాటి, ఆకులకు పట్టిన నీళ్లు కింద పడుతూ లోపలంతా సన్నటి చప్పుడుగా ఉంది. ఆమె బాబాయి మోజెస్, పక్కచేను చంద్రయ్య జడలు చుడుతున్నారు. గాలికి తోట పడిపోకుండా నాలుగు మొదళ్ల ఆకుల్ని కలిపి, జడ అల్లినట్టు మెలిపెట్టి, గడల చుట్టూ తిప్పి బిగించే పని. సాలుకు ఒక పక్కన ఒకరు, అవతలి పక్కన ఒకరు. ఒకరు ఆకు అందిస్తే ఇంకొకరు లాగి చుడతారు. ఆకు అంచు కోసుకోకుండా ఇద్దరూ పాత నిండు చేతుల చొక్కాలు వేసుకుని, మెడకు తువ్వాలు చుట్టుకున్నారు. ఇవాళ మోజెస్ చేన్లో చేస్తే రేపు చంద్రయ్య చేన్లో చేస్తారు. ఏళ్లుగా అంతే.

కూర్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. నిలబడ్డచోటే అడిగేసింది.

"కాక, ఐతారం నాడు గిలాస సూస్తలేవా?"

"ఐతారం ఎవరు సూస్తరు బిడ్డ," అన్నాడు మోజెస్ ఆకు మెలిపెడుతూనే. "ఐతారం చర్చికి పోవద్దా?"

ఆకుల అవతలి నుంచి చంద్రయ్య గొంతు వచ్చింది. "నేను గూడ సూడ."

"నువ్వెందుకు సూడవ్ మామ? నీకు చర్చి లేదు గద."

"నాకేం ఎర్క. ఐతారం దాన్ని ముట్టొద్దని మోజెస్ చెప్పిండు. సర్కారు రూలేమో అనుకున్న."

మోజెస్ చేతిలో జడ వదిలేసి నడుం ఎత్తాడు. "ముట్టొద్దన్ననా నేను? ఐతారం నేను సూడనని చెప్పిన."

"గదే గద. నేర్పినోడివి నువ్వే సూడవంటే నేనెందుకు సూడాలె?" చంద్రయ్య ఆకులు పక్కకు తోసి ముఖం బయటపెట్టాడు. మెడ తువ్వాలు పైన ముఖం ఎర్రగా, తడిగా, ఏ దిగులూ లేకుండా ఉంది. "మొన్నొక ఐతారం మా ఇంటిది గట్టు దిక్కు పోయి, గిలాస నిండుతుందయ్యో అన్నది. ముట్టకే, ఇయ్యాల దానికి సెలవు అని ఒర్రిన. పాపం, గప్పటిసంది ఐతారం గా దిక్కే పోతలేదు."

మోజెస్ నవ్వాపుకోలేక మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్నాడు. "బాప్తిస్మం ఒక్కటే తక్కువైంది నీకు."

"బోనాల నాడు మా ఇంట్ల యాటకూరకు వస్తవ్ గద. గదీ గిదీ బరాబర్."

హెప్సిబా నవ్వలేదింకా. అయితే కాక, నీకు ఈ మాట ఎవరు చెప్పారని అడిగింది. అడిగేటప్పుడు జవాబు తనకు తెలియదు. మోజెస్ ఆమెను కాస్త వింతగా చూశాడు.

"నువ్వే చెప్తివి బిడ్డ. రోజూ పనికి పోయే ముందు సూడు కాక అంటివి. ఐతారం మనం పనికి పోతమా?"

మనం అన్నాడు.

ఆ మాట ఆమెను చాలా దూరం తీసుకుపోయింది. చిన్నప్పుడు ఇంట్లో ఆదివారం కూరగాయలు కూడా తరిగేవాళ్లు కాదు, శనివారం సాయంత్రమే తరిగిపెట్టేది అవ్వ. బావి దగ్గర చేద చప్పుడు ఉండేది కాదు. ఇప్పటికీ ఆదివారం పొద్దున తన ఫోనుకు ఏ ఊరి నుంచీ వాన సంగతి రాలేదే అని ఒక్కనాడైనా తనకు తోచలేదు. ఎదురుచూసిన జ్ఞాపకమే లేదు. ఆ రోజు తనలో కూడా ఖాళీగానే ఉంది. సోమవారం వచ్చి పట్టిక నింపేటప్పుడు, ఖాళీ గడి కనబడితే సున్నా వేసెయ్యమని కంప్యూటర్‌కు ఎప్పుడో ఒకసారి చెప్పి మరిచిపోయింది. వీళ్లు ఎన్నడూ సున్నా అనలేదు. వీళ్లసలు ఏమీ అనలేదు. తెలియకపోవడం వేరు, లేకపోవడం వేరు అని ప్రతి ఏడాదీ మొదటి వారంలో పిల్లలకు చెప్పే పంతులమ్మ, వీళ్లు అనని సున్నాను వీళ్ల నోట పెట్టింది.

భయపడాల్సిన చోట ఆమెకు ఒళ్లు తేలికైంది. ఓదార్చడానికి వచ్చింది. ఓదార్చవలసినవాళ్లెవరూ ఇక్కడ లేరు. కూర్చిపెట్టుకున్న మాటలన్నీ తన కోసమే దాచుకోవచ్చు. నవ్వొచ్చింది, నవ్వుతూ గట్టు మీద తడిలోనే కూర్చుంది. పెద్దవాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకుని, ఈ పిల్ల ఇట్లా నవ్వగా ఎన్నడైనా చూశామా అన్నట్టు తల ఊపుకున్నారు.

అప్పుడు అన్నీ చెప్పింది. లాతూర్ పిల్ల అడిగిన ప్రశ్న, సార్ చెప్పిన సగం సగం లెక్క, పేర్ల సంగతి. జరిగింది జరిగినట్టు రాసి దాని పక్కన మీ పేర్లు పెడితే ఒప్పుకుంటారా అని అడిగింది. మోజెస్ తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ ఆలోచించాడు.

"తప్పని రాస్తవా?"

"తప్పు నాది కాక. మీరు ఐతారం సూడలేదని రాస్త. సోమారంది రెండు దినాల వాన అని రాస్త."

"గది నిజమే గద. నిజం రాస్తే పేరుకేమైతది," అన్నాడు. చంద్రయ్యకు సందేహమే లేదు. తన పేరు పక్కన ఊరి పేరు కూడా పడుతుందా అని మాత్రం అడిగాడు. పడుతుందంది. ఇకమీదట ఆదివారం కూడా చూస్తారా అని అడిగితే మోజెస్ కంటే ముందు చంద్రయ్యే అడ్డంగా తల ఊపాడు. సెలవు అలవాటైపోయిందట. ఇచ్చినదాన్ని మళ్లీ గుంజుకుంటే ఎట్లా అన్నాడు.

*

మిగతావాళ్లలో చాలామందికి గురువారం ఫోన్ చేసింది. ఎవరికి చేసినా కథ ఒకటే. మోజెస్ దేవన్నకు నేర్పాడు, దేవన్న ముత్తన్నకు, ముత్తన్న వేరే ఊరి సత్తవ్వకు. పనికి పోయే ముందు అన్న మాట ఊరూరికీ మారుతూ పోయి, సాలూర దగ్గర లింగం దాకా వచ్చేసరికి, ఆదివారం చూస్తే లెక్క చెడిపోతుందన్న గట్టి నియమంగా స్థిరపడింది. లింగం ఎప్పుడూ ఒక్క అంకె చెప్పి ఫోన్ పెట్టేసే మనిషి. పేరు వేస్తామంటే నిజంగనా అని ఒక్కమాట అడిగి పెట్టేశాడు.

నర్సవ్వకు ఫోన్లో సరిగా వినబడదు. అందుకని సాయంత్రం కోటగిరి దాకా పోయింది. నర్సవ్వ కలుపు కూలికి పోయి అప్పుడే వచ్చింది. కాళ్లు కడుక్కుని, పొయ్యి మీద మొక్కజొన్న గుడాలు ఉడకేసి, ముందు తిను, తర్వాత చెప్పు అంది. ఆమె గిలాస గోడ వారన రాతిలో నిలబెట్టి ఉంది. అందరి గొట్టాలూ పాచిపట్టి పచ్చగా అయితే ఆమెది మాత్రం బూడిదతో తోమి తళతళలాడుతోంది.

అంతా విని నర్సవ్వ తప్పు గురించి ఏమీ అడగలేదు.

"నా పేరు ఎట్ల రాస్తవ్? ఫలానా ఆయన భార్య అనా?"

"నర్సవ్వ అనే రాస్త అవ్వ. కోటగిరి నర్సవ్వ."

"కోటగిరి నర్సవ్వ," అని ఆమె నెమ్మదిగా, ఇంకెవరి గురించో విన్నట్టు అనుకుంది. గిన్నెలోని గుడాలు కొన్ని హెప్సిబా పళ్లెంలోకి తోసింది. "పేరు రాస్తే ఎవరన్న అడుగుతరా, గా నర్సవ్వ ఎవరని?"

"అడుగుతరేమో."

"రాయి మరి. అడిగెటోళ్లుండాలె మనిషికి."

తిరుగు బస్సులో హెప్సిబా ఆ మాటను ఎంతసేపు నెమరేసిందో. ఇన్నాళ్లూ ఎవరూ తనను అడగకుండా ఉండేలా బతుకును సర్దుకుంటూ వచ్చింది. అదే నెమ్మది అనుకుంది. పది రోజులుగా ఆ పేర్ల గడి మీద తన పట్టుదల అంతా న్యాయం కోసమేననుకుంది. న్యాయం కోసమే. కానీ దాని కింద, ఎవరైనా నన్ను కూడా అడగండి అన్న ఆశ ఒకటి చిన్నపిల్లలా దాక్కుని ఉందని ఆ మసక వెలుతురులో, కిటికీ అద్దంలో తన ముఖం చూసుకుంటూ ఒప్పుకుంది. ఒప్పుకుంటే ఏమీ కూలిపోలేదు.

*

శుక్రవారం పొద్దున్నే కూర్చుంది. ముందు సున్నాలన్నీ తీసేసింది. ఆదివారాల గడులు ఖాళీ అయ్యాయి. సోమవారాల పక్కన కొత్త గడి చేర్చి, ఈ నీళ్లు ఎన్ని రోజులవో రాసింది. తర్వాత వివరణ రాయడానికి కూర్చుంటే పెద్ద పెద్ద మాటలు వచ్చాయి. కొట్టేసింది. చివరికి ఇంత మిగిలింది: "ఆదివారం కొలవలేదు. కొలిచేవాళ్లకు అది సెలవు. వాళ్లలో కొందరు క్రైస్తవులు, మిగిలినవాళ్లు వాళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్లు. సోమవారం అంకె రెండు రోజుల వాన. మొదటి ప్రచురణలో ఆదివారాలకు సున్నా వేయడం హెప్సిబా చేసిన తప్పు."

పేర్లు ఏ వరుసలో పెట్టాలన్నది చిక్కు. ఎక్కువ కాలం కొలిచినవాళ్లు ముందా, నేర్పినవాళ్లు ముందా. ఎలా పెట్టినా ఎవరో ఒకరు చిన్నబోతారు. తెలుగు అక్షరాల వరుసలో పెట్టేసింది. హ చివరికి పోయింది. దానికి ఆమె ఏమీ బాధపడలేదు. చంద్రయ్య, దేవన్న, నర్సవ్వ, ముత్తన్న, మోజెస్ అని కిందికి దిగుతున్న పేర్లను చూస్తుంటే బాగుంది. అప్పుడు గుర్తొచ్చింది, ఆ అనే అక్షరం చ కంటే ముందు వస్తుందని. ఆత్మారాం సార్ మళ్లీ మొదటికే వచ్చాడు. తను పెట్టిన నియమమే. మార్చడానికి లేదు. ఆయన అనుమతి కోసం అలాగే పంపించి, ఫోన్ బోర్లా పెట్టి కూర్చుంది.

గంట తర్వాత మోగింది. సగం సగం ఎందుకు చేయలేదని అడుగుతాడని ఊహించింది, దానికి జవాబు కూడా సిద్ధం చేసుకుంది. ఆయన అది అడగలేదు.

"మొదట నా పేరే పెట్టావు," అన్నాడు.

"అక్షరాల వరుస సార్."

అవతల కాగితాలు కదిలిన చప్పుడు. "ఆ గొట్టంలో నేనెన్నడైనా తొంగి చూశానా?" అది ప్రశ్నో కాదో ఆమెకు తెలియలేదు. "నన్ను తీసెయ్. పర్యవేక్షణ అని కింద వేరే గడి ఉంటుంది, అందులో పెట్టు. పైన వాళ్లే ఉండనీ. సెలవు గురించి రాసిన ఆ ముక్క కూడా ముట్టుకోకు."

ఆ మాటలో ఏముందో హెప్సిబాకు ఎంతకీ తేలలేదు. తప్పు పక్కన తన పేరు ఉండటం ఇష్టం లేక అన్నాడా, ఆ ముక్క చదివి ఏదో కదిలి అన్నాడా. రెండూ ఆ గొంతులో ఉన్నాయి. ఒకే మనిషిలో రెండూ ఉండొచ్చు, తనలో మాత్రం లేవా. తేల్చుకోకుండానే మధ్యాహ్నానికల్లా పట్టికను సైట్లో పెట్టేసింది. గుర్తింపు సంఖ్య కింద ఇప్పుడు తొమ్మిది పేర్లు. లాతూర్ విద్యార్థినికి ఆ సంగతి రాస్తే, తనకు కావలసింది వారం మొత్తం వానే గనుక ఏ ఇబ్బందీ లేదని, తన వ్యాసంలో చంద్రయ్య తదితరులు అని రాసుకుంటున్నానని జవాబు వచ్చింది. సాయంత్రం అది ఫోన్లో చదివి వినిపిస్తే మోజెస్ కాసేపు ఉక్రోషపడ్డాడు. నేర్పినవాడిని తదితరుల్లో కలిపేశారన్నాడు. వెనక నుంచి చంద్రయ్య నవ్వు వినబడుతూనే ఉంది.

ఆదివారం రోజంతా వాన. నిజామాబాద్‌లో కాలువలు పొంగాయి. హెప్సిబా చర్చి నుంచి తడుస్తూ వచ్చి, ఫోను చూడలేదు.

సోమవారం పొద్దున టీ పెట్టుకునేలోపే మొదలయ్యాయి. ఇన్నేళ్లుగా అంకె ఒక్కటే వచ్చేది. పొడిగా, దగ్గినంత సేపట్లో అయిపోయేది. ఇవాళ మొదటిది తెరిస్తే గొంతు సవరించుకున్న చప్పుడు.

"నేను చంద్రయ్యను, ఎడపల్లి. నలభై ఒకటి. గిది రెండు దినాలది, ఐతారంది గూడ కలిపి."

తర్వాత మోజెస్, తన పేరుకు తండ్రి పేరు కూడా జతచేసి. తర్వాత సత్తవ్వ, ఎవరో పక్కన అందిస్తుంటే. తర్వాత కోటగిరి నర్సవ్వ, ముప్పై ఎనిమిది, రెండు దినాలది. హెప్సిబా ఒక చేత్తో గ్లాసు పట్టుకుని, ఒక్కొక్కటీ విని, అంకెను ఒక గడిలో, రోజుల్ని పక్క గడిలో వేస్తూ పోయింది.

చివరగా లింగం మాట వచ్చింది. పేరు చెప్పాడు. ఇంటి పేరు చెప్పాడు. ఊరు, మండలం, జిల్లా చెప్పాడు. సోమవారమని చెప్పాడు. రెండు దినాలదని ఒత్తి చెప్పాడు. ఊపిరి పీల్చుకుని, నమస్తే మేడం అని తృప్తిగా పెట్టేశాడు.

వాన ఎంత పడిందో చెప్పడం మరిచిపోయాడు.

ఆమె ఇంకోసారి విన్నది, నవ్వుతూ. ఆ గడిని ఖాళీగానే ఉంచి, లింగానికి ఫోన్ కలిపింది.